సెన్సర్ నెట్‌వర్క్‌లలో దారి ఎంపిక, బ్యాటరీ ఆయుష్షు

వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్క్‌లో ఒకసారి అమర్చిన నోడ్ (కొలతలు తీసి రేడియో ద్వారా పంపే చిన్న పరికరం) బ్యాటరీని మళ్లీ మార్చే అవకాశం చాలాచోట్ల ఉండదు. అందువల్ల ప్యాకెట్ (ఒక్కసారిగా పంపే సమాచారపు ముక్క) ఏ దారిన వెళ్లాలని నిర్ణయించేటప్పుడు వేగం కన్నా ముందు శక్తి ఖర్చును చూడవలసి వస్తుంది. అయితే ప్యాకెట్‌కు అతి తక్కువ శక్తి పట్టే దారిని వెతికితే చాలునన్న అభిప్రాయంతో నేను ఏకీభవించలేను.

ముందుగా దూరం సంగతి చూద్దాం. 2000లో ఎంఐటీ పరిశోధకులు హైంజల్‌మన్, చంద్రకాసన్, బాలకృష్ణన్ లీచ్ (LEACH) అనే రౌటింగ్, అంటే దారి ఎంపిక, పద్ధతిని ప్రతిపాదించినప్పుడు ఒక సరళమైన రేడియో నమూనాను వాడారు. బిట్‌ను పంపినా, అందుకున్నా సర్క్యూట్‌కు 50 నానోజౌళ్లు ఖర్చవుతాయి. పంపేటప్పుడు యాంప్లిఫైయర్‌కు దూరం వర్గాన్ని బట్టి, చదరపు మీటరుకు 100 పికోజౌళ్ల చొప్పున అదనంగా పడుతుంది. దీని ప్రకారం 100 మీటర్ల దూరంలోని బేస్ స్టేషన్‌కు (నోడ్‌ల సమాచారమంతా చేరే కేంద్రం) బిట్‌ను నేరుగా పంపితే నోడ్‌కు 1050 నానోజౌళ్లు పడతాయి, సరిగ్గా మధ్యలో మరో నోడ్ అందుకొని పంపితే ఆ రెండింటికీ కలిపి 650 సరిపోతాయి. అదే దూరం 20 మీటర్లయితే నేరుగా 90, మధ్య నోడ్ ద్వారా 170. అంటే ఈ నమూనాలో సుమారు 45 మీటర్ల లోపు మధ్యవర్తిని పెట్టుకోవడం నష్టమే.

లీచ్‌లో నాకు బాగా నచ్చినది భారాన్ని పంచే తీరు. నోడ్‌లు క్లస్టర్లు అనే గుంపులుగా ఏర్పడతాయి, గుంపు తరఫున సమాచారం పంపే క్లస్టర్ హెడ్ బాధ్యత వంతులవారీగా మారుతుంది. హెడ్‌లు 5 శాతం ఉండాలనుకుంటే, ఒకసారి ఆ పని చేసిన నోడ్‌కు 20 రౌండ్ల ఆవృత్తి పూర్తయ్యేదాకా మళ్లీ వంతు రాదు. మిగిలిన నోడ్‌లు తమకు కేటాయించిన సమయంలో మాత్రమే మేల్కొని కొలతలు పంపుతాయి, హెడ్ వాటిని కుదించి ముందుకు చేరవేస్తుంది. కానీ మొదటి లీచ్ ఏ నోడ్‌లో ఎంత శక్తి మిగిలిందో చూడదు. 2004 నాటి హీడ్ (HEED) పద్ధతి ఆ లోటును తీర్చింది.

భారం పంచకపోతే జరిగేది తెలిసిందే. అనేక అంచెల నెట్‌వర్క్‌లో బేస్ స్టేషన్ పక్కనున్న నోడ్‌లు అందరి ప్యాకెట్లనూ మోస్తాయి కనుక అవే ముందు చనిపోతాయి. దూరంగా ఉన్న నోడ్‌లలో బ్యాటరీ నిండుగా మిగిలి ఉన్నా వాటి సమాచారం ఇక బయటికి రాదు.

చాలా సిమ్యులేషన్లు పట్టించుకోని మరో ఖర్చు, ఊరికే వింటూ ఉండటం. విస్తృతంగా వాడిన సీసీ2420 రేడియో చిప్ పూర్తి సామర్థ్యంతో పంపేటప్పుడు 17.4 మిల్లీయాంపియర్లు తీసుకుంటే, వినేటప్పుడు 18.8 తీసుకుంటుంది. ప్యాకెట్ వచ్చినా రాకపోయినా రిసీవర్ తెరిచి ఉన్నంతసేపూ ఆ ఖర్చు తప్పదు. రేడియో ఎంతసేపు నిద్రపోతుందో లెక్కలోకి తీసుకోకుండా రెండు రౌటింగ్ పద్ధతులను పోల్చి, ఒకటి ఇంత శాతం మేలని ప్రకటించే పత్రాన్ని నేను నమ్మలేను.

ఇంటర్నెట్ ప్రమాణాలను రూపొందించే ఐఈటీఎఫ్ నుంచి 2012లో ప్రమాణంగా వచ్చిన ఆర్‌పీఎల్ (RPL) రౌటింగ్ పద్ధతి శక్తి ఖర్చు విషయంలో వాస్తవానికి దగ్గరగా ఉంది. నెట్‌వర్క్ నిలకడగా ఉన్నప్పుడు అందులోని ట్రికిల్ టైమర్, దారుల వివరాలను నోడ్‌లు పంచుకునే నియంత్రణ సందేశాల మధ్య వ్యవధిని పెంచుతూ పోతుంది, మార్పు కనబడగానే తగ్గిస్తుంది. ప్యాకెట్ చేరడానికి సగటున ఎన్నిసార్లు పంపవలసి వస్తుందన్న కొలమానంతో పేరెంట్‌ను, అంటే బేస్ స్టేషన్ వైపు తన ప్యాకెట్లను అందుకొని ముందుకు పంపే నోడ్‌ను, ఎంచుకోవచ్చు. బలహీనమైన లింక్‌పై మళ్లీ మళ్లీ పంపడం కన్నా ఒక అంచె ఎక్కువైనా గట్టి లింక్ మేలు. అయితే ఈ ఒక్క కొలమానాన్నే పట్టుకుంటే మంచి లింక్‌లున్న నోడ్ మీదే భారమంతా పడుతుంది. మిగిలిన శక్తిని కూడా ప్రకటించే వీలు ప్రమాణంలో ఉంది కాబట్టి రెండింటినీ కలిపి చూడాలన్నది నా అభిప్రాయం. కాకపోతే కొద్దిపాటి తేడాకే పేరెంట్‌ను మార్చకూడదు, ఎందుకంటే ప్రతి మార్పూ ట్రికిల్ వ్యవధిని తగ్గించి, ఆదా చేసిన శక్తిని నియంత్రణ సందేశాలకు ఖర్చు చేయించగలదు.