ముంజేతి ఎక్స్-రే చెప్పిన సంగతి: నా అనుభవం

రెండేళ్ల క్రితం మా నాన్నగారికి మెడ, నడుము బిగుసుకుపోయి, పక్కకు చూడాలంటే మనిషి మొత్తంగా తిరగవలసి వచ్చేది. కనిగిరి దగ్గర మా పల్లెలో ఆ వయసువాళ్లు చాలామంది అలాగే నడుస్తారు కాబట్టి మేము దాన్ని ముసలితనం కిందే జమకట్టాము. కాళ్లు తిమ్మిరెక్కి, చెప్పు జారిపోయినా తెలియని స్థితి వచ్చాక ఒక ఆసుపత్రిలో చూపిస్తే, నడుముకు మాత్రమే ఎంఆర్‌ఐ తీసి, డిస్కు జారిందని మందులు రాశారు. నాలుగు నెలలు వాడినా గుణం కనిపించలేదు. అంతకు ముందు ఒక శిబిరంలో ఎముకల సాంద్రత చూసి, ఈ వయసులో ఇంత గట్టి ఎముకలు అరుదని మెచ్చుకున్నారు. ఆ మాట నమ్మి మేము కొంతకాలం నిశ్చింతగా ఉండిపోయాము.

నెల్లూరులో ఎముకల డాక్టరు గారు మా ఫిల్ములు చూడకముందే, "ఏ ఊరు పెద్దాయనా మీది? ఏ నీళ్లు తాగేవారు?" అని అడిగారు. బోరు నీళ్లని చెప్పగానే ముంజేతికి ఎక్స్-రే రాశారు. బాధ వెన్నులో ఉంటే చేతికి ఎందుకని నాకు అనుమానం కలిగింది. ఆయన ఫిల్మును లైటు పెట్టె మీద పెట్టి చూపించారు. ముంజేతిలోని రెండు ఎముకల నడుమ నల్లగా, ఖాళీగా కనిపించవలసిన చోట, ఎముక అంచు నుంచి తుమ్మముళ్లలా తెల్లటి కొనలు పొడుచుకొచ్చి ఉన్నాయి. ఆ ఎముకలను కలిపే పలుచని పొర ఇలా గట్టిపడడం ఫ్లోరోసిస్‌కు, అంటే తాగునీటిలోని ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుని వచ్చే జబ్బుకు, బలమైన గుర్తట. ఫ్లోరైడ్ పేరుకున్న ఎముక దట్టంగా కనిపిస్తూనే పెళుసుబారుతుంది; శిబిరంలో మెచ్చుకున్న గట్టితనం అదే. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. మద్రాసు ప్రెసిడెన్సీలోని ఈ జబ్బు గురించి షార్ట్ తదితర వైద్యులు 1937లోనే రాశారు. అప్పటికి మా కనిగిరి ఆ ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఉండేది.

జబ్బు పేరు తెలిసింది గాని, ఎక్స్-రేలో వెన్నుపాము కనిపించదు కాబట్టి తిమ్మిరి ఎక్కడి నుంచి వస్తున్నదో తేలలేదు. అందుకని ఈసారి మెడ నుంచి నడుము దాకా ఎంఆర్‌ఐ తీయించాము. వంగిన వెన్నుతో నాన్నగారి తల బల్లకు ఆనలేదు. టెక్నీషియన్ అబ్బాయి మొలతాడుకున్న తాయెత్తు తీయించి, తల కింద ఒక దుప్పటి, మోకాళ్ల కింద ఒకటి మడతపెట్టి, చేతిలో రబ్బరు బంతి ఉంచి, "ఇబ్బందైతే నొక్కు తాతా" అన్నాడు. ఆ ఓర్పు లేకపోతే బొమ్మలన్నీ కదిలిపోయి ఉండేవి. మెడ దగ్గర వెన్నుపాము నలిగి, నలిగిన చోట తెల్లటి మచ్చ ఏర్పడిందని ఆ పరీక్షలో తెలిసింది. అంటే అన్ని నెలలు మేము నడుముకు మందులు వాడుతుంటే జబ్బు మెడలో ఉందన్నమాట.

నొక్కుతున్నది ఏమిటో మాత్రం ఇంకా తేలలేదు, ఎందుకంటే మందమైన స్నాయువైనా (వెన్నుపూసలను కలిపి ఉంచే పట్టీ), ఎముకగా మారిన స్నాయువైనా ఎంఆర్‌ఐలో నల్లగానే కనిపిస్తుందని చెప్పారు. సీటీ స్కాన్‌లో ఆ తేడా తెలుస్తుందని అదీ తీయించాము. నాలుగు వెన్నుపూసల వెనుక వరసగా ఎముకైపోయిన పట్టీ, దాని మందం, వెన్నుపాముకు మిగిలిన దారి వెడల్పు కొలిచి ఇచ్చారు. ఆ కొలతలు చూశాకే మెడ వెనుక వైపు నుంచి దారి వెడల్పు చేసే ఆపరేషన్ నిర్ణయించారు.

ఒక్క పరీక్ష చేయించి రిపోర్టు కాగితంతో తిరిగే వారికి నేను చెప్పగలిగింది ఇదే: పాత ఫిల్ములు, సీడీలు అన్నీ ఒకే సంచిలో తేదీల వారీగా పెట్టుకుని, ఒకే డాక్టరు ముందు పరచండి, పరీక్ష చీటీ మీద మీ ఊరు, తాగునీరు రాయించండి. మా మొదటి చీటీ మీద ఆ రెండు మాటలూ లేవు.

ఆపరేషన్ తరువాత తిమ్మిరి తగ్గింది, బిగువు మాత్రం అలాగే ఉంది. కుట్లు విప్పించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరు గారు పక్కనే నిలబడిన మా అమ్మను చూసి, "నువ్వూ ఆ నీళ్లే కదమ్మా తాగింది" అని, ఆమె ముంజేతికి ఎక్స్-రే రాశారు.