డ్రైవరు వైపు కిటికీ సీటు

ఖమ్మం నుంచి హైదరాబాద్ దాకా దారిలో వచ్చే ఊళ్లకంటే ఆ దారిలోని బాత్రూములే నాకు బాగా గుర్తు. ఎక్కడ గడియ పడదో, ఎక్కడ మగ్గు ఉండదో నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

పెద్దపేగు నిండా పుండ్లు పడి, మందులకు లొంగకపోతే పూర్తిగా తీసేశారు. చిన్నపేగు చివరను పొట్టకు కుడివైపున బయటికి తెచ్చారు. ఇలియాస్టమీ అంటారు. దాని మీద ఎప్పుడూ ఒక బ్యాగు ఉంటుంది. అందుకే బస్సులో నాకు డ్రైవరు వైపు కిటికీ సీటే కావాలి. కుడిపక్క బస్సు గోడ ఉంటే ఎవరి మోచెయ్యీ తగలదు. ఆడవాళ్లకు ఎక్స్‌ప్రెస్‌లో ఉచితం కదా, సూపర్ లగ్జరీకి డబ్బులు తగలెయ్యడం ఎందుకని మా ఆయన సణిగారు. ఆయనకేం, పెళ్లినాటికి కారులో వస్తారు. ఎక్స్‌ప్రెస్‌లో కిక్కిరిసిన జనం మధ్య పొట్ట కాపాడుకుంటూ నిలబడాల్సింది నేను.

అక్క కూతురి పెళ్లి, కూకట్‌పల్లిలో. బయల్దేరిన రోజు పొద్దుటి నుంచే బ్యాగులోకి నీళ్లలా వస్తోంది. కొత్తగా తిన్నదేమీ లేదు. ఒక్కోరోజు అంతే. మామూలుగా రోజుకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా, పలచటి జావలా వస్తుంది. లీటరున్నర దాటిందంటే మాత్రం టెన్షనే. నీళ్లనీ ఉప్పునీ ఒంట్లోకి పీల్చుకోవాల్సిన పెద్దపేగు నాకు లేదు కాబట్టి, బ్యాగులోకి వచ్చేది నీళ్లొక్కటే కాదు, ఒంట్లోని ఉప్పు కూడా.

సూర్యాపేటలో బ్యాగు ఖాళీ చేసుకుని ఎక్కాను. మూడో వంతు నిండితే ఖాళీ చెయ్యాలని ఆస్పత్రిలో నేర్పారు. నార్కట్‌పల్లి రాకముందే మూడో వంతు దాటింది. చౌటుప్పల్ దగ్గరికొచ్చేసరికి చున్నీ కింద చెయ్యి పెట్టి చూస్తే బ్యాగు ఉబ్బి, వెచ్చగా, బస్సు కుదుపుకల్లా లోపల అటూ ఇటూ కదులుతోంది. పక్క సీటావిడ నా మొహం చూసి వాంతి వస్తోందనుకుంది. "నీళ్లు తాగండమ్మా" అని బాటిల్ మూత తీసి మరీ ఇచ్చింది. రెండు గుక్కలు తాగి ఇచ్చేశాను. ఒట్టి నీళ్లు ఎంత తాగితే అంత ఉప్పును వెంటబెట్టుకుని బయటికి పోతాయని ఆవిడకి ఎక్కడని చెప్పను? ఇంతలో హయత్‌నగర్ దగ్గర బ్యాగు అంచు కింద దురద మొదలైంది. అది దేనికి సూచనో నాకు తెలుసు.

ఎల్బీ నగర్‌లో దిగిపోయాను. ఎలాగూ మెట్రో అక్కడే మొదలవుతుంది, సీటు దొరుకుతుంది. ముందు మాత్రం టాయిలెట్ కావాలి. రెండు మెడికల్ షాపుల్లోనూ ఒక టిఫిన్ సెంటర్లోనూ అడిగితే తలా ఒక దిక్కు చూపించారు. చివరికి డబ్బులిచ్చి వెళ్లేది ఒకటి దొరికింది. గేటు దగ్గర ఒక పెద్దావిడ, ముందు ప్లాస్టిక్ డబ్బా. 10 రూపాయలు వేసి లోపలికెళ్లాను. అడుగు తడిసి ఉంది, చేతిసంచి తగిలించడానికి మేకు కూడా లేదు. ఖాళీ చేసి, బ్యాగు మూతి టిష్యూతో తుడిచి, మడతలు పెట్టి అంటించి బయటికొచ్చాను. నాలుగడుగులు వేశానో లేదో చుడీదార్ మీద తడి. అంచు ఊడింది. మళ్లీ వెనక్కి.

"మళ్లీ 10 ఇయ్యాలె" అంది పెద్దావిడ.

ఇప్పుడే ఇచ్చాను కదమ్మా అన్నాను. "అది గప్పటిది" అంది. వాదించే ఓపిక ఎక్కడిది, ఇచ్చాను.

కొత్త బ్యాగు వెయ్యాలంటే స్టోమా, అంటే పొట్ట మీదికి తెచ్చిన ఆ పేగు చివర, దాని చుట్టూ చర్మం పొడిగా ఉండాలి. పొడిగా ఉంచుదామంటే స్టోమా ఒక్క నిమిషం ఆగదు. చిన్నపేగు నుంచి వచ్చేదానిలో తిండిని అరిగించే ఎంజైములుంటాయి, అవి చర్మాన్నీ వదలవు. అంచు ఊడిన మేరకు ఎర్రగా కందిపోయింది. ఒక చేత్తో టిష్యూ అదిమిపట్టి, ఇంకో చేత్తో తుడిచి, పౌడరు అద్ది, దులిపి, ఇంట్లోనే కత్తిరించి పెట్టుకున్న కొత్త బ్యాగు అతికించాను. స్టోమా కంటే రంధ్రం రెండు మూడు మిల్లీమీటర్లే పెద్దగా ఉండాలి, ఎక్కువైతే చర్మం బలి. అతికించాక అరచెయ్యి కాసేపు దాని మీదే ఉంచాలి, ఆ వేడికి గట్టిగా పట్టుకుంటుంది. అలా నిలబడి ఉంటే తలుపు చప్పుడైంది. "బిడ్డా, బకెట్ పెట్టిన, తీస్కో." నిండు బకెట్, మీద తేలుతూ మగ్గు. ఆవిడకి ఏం అర్థమైందో తెలియదు. నేనూ చెప్పలేదు.

మెట్రోలో అమీర్‌పేట దాటాక పిక్కలు పట్టేశాయి. కేపీహెచ్‌బీలో దిగి మెడికల్ షాపులో ఓఆర్‌ఎస్ అడిగితే కుర్రాడు ఫ్రిజ్‌లోంచి చల్లటి టెట్రా ప్యాకెట్ తీసిచ్చాడు. పేరులో ఓఆర్‌ఎస్ అన్న మాట పోయింది, వాడి నోట్లో మాత్రం పోలేదు. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా కాని పానీయాల పేర్లలో ఆ మాట ఉండకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. దానికోసం ఏళ్లపాటు పోరాడింది ఈ హైదరాబాద్ పిల్లల డాక్టరే, శివరంజని సంతోష్. ఆ పంచదార పానీయాలు తాగితే నాకు బ్యాగులోకి వచ్చేది ఇంకా పలచబడుతుంది. పొడి ప్యాకెట్ కావాలన్నాను. లీటరు నీళ్లకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు ఉండేది. వెతికి, దుమ్ము దులిపి ఇచ్చాడు. ధరలో టెట్రా ప్యాకెట్‌కీ దీనికీ పోలికే లేదు, ఇది చవక. అందుకే లోపలెక్కడో ఉంటుంది.

అక్క గుమ్మంలోనే చెంబుతో ఎదురొచ్చింది. "మొహం పీక్కుపోయిందేమే, నీళ్లు తాగు ముందు." వెనకాలే బావ కొబ్బరిబోండాం. అందులో సోడియం తక్కువ అంటే, డాక్టర్లందరూ మంచిదంటుంటే నీ ఒక్కదానికే వచ్చిందా తంటా అని అక్క కోపం. చిన్నప్పుడు మనకి విరేచనాలైతే అమ్మ ఏం పట్టేదో గుర్తు చేసుకో అన్నాను. ఆలోచించింది. "ఉప్పు వేసిన గంజి" అంది.

పేగు కదలికను నెమ్మదింపజేసే మందు, డాక్టరు రాసిచ్చిన లోపరమైడ్, తిండికి అరగంట ముందు వేసుకుని, గంజి, మెత్తటి పెరుగన్నం, అరటిపండు. ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెంగా గుక్కలు. పెళ్లి బాగానే జరిగింది. భోజనాల్లో బేబీ కార్న్ వేపుడు, పుట్టగొడుగుల బిర్యానీ, కొబ్బరి వెయ్యని కూర లేదు. అన్నీ నా పేగుకి అడ్డం పడేవే.

మర్నాడు పొద్దున బ్యాగులో మళ్లీ చిక్కబడింది. అక్క ఇంటిల్లిపాదికీ గంజి కాచి, దోసెడు ఉప్పు వేసినట్టుంది. బావ ఒక గుక్క తాగి గ్లాసు దూరంగా జరిపాడు. ఆయనదీ నేనే తాగేశాను.