ముప్పై తొమ్మిదికి ఎనిమిది

గురువారం.

నాలుగున్నరకే మెలకువ వచ్చేసింది. బండి ఆగి నలభై రోజులైనా ఒంటికి ఇంకా సంతల లెక్కే. రేపు కుందులి సంత. మళ్లీ కిరాయి బండే. అల్లం మూటలకీ క్యాబేజీకీ కలిపి వాడికి ఇచ్చేది ఇచ్చాక నాకు మిగిలేది టీ ఖర్చు.

కంబళి కప్పుకుని షెడ్‌లోకి వెళ్లి లైటు వేశాను. ఓఆర్ 10 నంబరు మహీంద్రా పికప్, బానెట్ లేకుండా, ఇంజిన్ ఉండాల్సిన చోట చీకటి పెట్టుకుని నిలబడి ఉంది. ఇంజిన్ పోయింది నా తప్పు వల్లే. పొట్టంగి దాటాక రేడియేటర్ గొట్టం పగిలింది. టెంపరేచర్ ముల్లు చివరికంటా వెళ్లడం చూశాను కూడా. ఇంకో మలుపు తిరిగితే టీకొట్టు, అక్కడ నీళ్లు పోద్దాంలే అనుకున్నాను. ఆ మలుపు తిరిగేలోపు ఇంజిన్ పైన మూతలా ఉండే హెడ్డు చిట్లింది. ఉన్నచోటే ఆపి ఉంటే గొట్టం ఖర్చుతో పోయేది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాన్నకి తెలుసేమోనని నా అనుమానం.

పాతది ప్యూజో డీజిల్, 2112 సీసీ. బోరు, అంటే సిలిండరు వెడల్పు, 90 మిల్లీమీటర్లు. స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 83. పరుగెత్తే రకం, నిమిషానికి 4000 చుట్లు (ఆర్‌పీఎం) దాటినా తిరుగుతుంది. దానికి హెడ్డు కోసం మూడు వారాలు ఫోన్లు చేసి విసిగిపోయి, చివరికి సాలూరులో ఒక డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) ఇంజిన్‌కి 42,000 ఇచ్చేశాను. 2523 సీసీ, బోరు మూడున్నర అంగుళాలు, స్ట్రోకు నాలుగు అంగుళాలు. ట్రాక్టరు వంశం. 3200 దగ్గరికి వచ్చేసరికి ఇక చాలంటుంది, కానీ అడుగు నుంచే లాగుతుంది. స్పేర్లకి ఊళ్లు తిరగక్కర్లేదు. మా పక్క ట్రాక్టరు మెకానిక్‌లే విప్పగలరు. అది కూడా లెక్కే కదా.

ఇంజిన్ కొనేశాక సగం పని అయిపోయిందనుకున్నాను. ఇంజిన్‌కీ వెనక చక్రానికీ మధ్య ఎన్ని సామాన్లు ఉంటాయో అప్పుడు తెలిసింది. మా సెమిలిగుడ పక్కనే సునాబెడలో హెచ్‌ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) వాళ్లు 1960ల నుంచీ మిగ్ విమానాలకి ఇంజిన్లు చేస్తున్నారు. ఇక్కడ నేను ఒక క్లచ్ ప్లేటు కుదర్చలేక రోజుల తరబడి తిరుగుతున్నాను.

నాన్న చోడి అంబలి తాగుతూ, నేను గోనెసంచి సర్దుకోవడం చూసి, "హౌసింగ్ మార్చేస్తావేటి?" అన్నాడు. వెనక చక్రాల ఇరుసు, దాని మధ్య గేర్ల పెట్టె కలిపి హౌసింగ్ అంటాం. ఇంకా అనుకోలేదన్నాను. "సరుకు దిగుద్దిరా మనది. ఎక్కేది ఉత్త బండే" అని మళ్లీ గ్లాసు ఎత్తాడు. ఆ మాట నాకు చిరాకు తెప్పించింది. పొద్దున్నే పొడుపుకథలు.

సంచిలో పాత క్లచ్ ప్లేటు, పాత రిలీజ్ బేరింగ్, గేర్‌బాక్స్ ముందు మొహం మీద అట్ట పెట్టి బోల్టు రంధ్రాలు గుద్దుకున్న అచ్చు, ఒక నోటు పుస్తకం. పాత సామాను చేతిలో లేకుండా పార్టుల కొట్టుకి వెళ్తే మనం చెప్పేది ఒకటి, వాళ్లు ఇచ్చేది ఒకటి. ఈ పాఠానికి పోయిన నెల 1,900 ఫీజు కట్టాను.

పుస్తకంలో నిన్న సాయంత్రం లెక్క కూడా ఉంది. వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపి, రెండోది నేల మీదే ఉంచి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, గేర్‌బాక్స్ నుంచి హౌసింగ్‌కి వెళ్లే జాయింట్ షాఫ్ట్ మీద సుద్దముక్కతో గీత గీశాను. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పితే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరుగుతుందో అదే హౌసింగ్ రేషియో. ఒక చక్రం కదలకుండా ఉంటే హౌసింగ్ మధ్యలోని డిఫరెన్షియల్ గేర్లు రెండోదాన్ని రెట్టింపు తిప్పుతాయి కాబట్టి రెండు చుట్లు. పాప కింద కూర్చుని గీత వచ్చినప్పుడల్లా లెక్కపెట్టింది. "ఎక, దుయి, తిని, చారి, పాంచ." ఇంట్లో తెలుగే అయినా అంకెలు మాత్రం దానికి బడి భాషలోనే వస్తాయి. అయిదు దాటి ఇంకో మూడో వంతు పైన. అంటే 5.38. హౌసింగ్‌లోని పెద్ద పళ్ల చక్రం క్రౌన్‌కి 43 పళ్లు, దాన్ని తిప్పే చిన్నది పినియన్‌కి 8. పాత జీపుల పురాతన రేషియో.

ఏడింటి బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. సుంకి ఘాట్ మొదలయ్యాక డ్రైవరు గేరు దించి, ఇక బ్రేకు మీద కాలు పెట్టీ పెట్టనట్టు దించుతున్నాడు. ముందు ఒక లోడు లారీ నత్తలా పోతోంది. ఇంకో మలుపులో బొలేరో సైజు బండి ఒకటి పక్కకి ఆగి ఉంది, వెనక చక్రాల దగ్గర పొగ. కాలిన లైనర్ల వాసన బస్సులోకి వచ్చింది. డ్రైవరు కుర్రాడు చక్రం మీద సీసాతో నీళ్లు పోస్తున్నాడు. కాలిన డ్రమ్ము మీద నీళ్లు పోస్తే పగులుతుందని అరుద్దామనుకున్నాను, బస్సు దాటిపోయింది. నాన్న మాట అప్పుడు గుర్తొచ్చింది గానీ, కునుకు పట్టి మళ్లీ మరిచిపోయాను.

సాలూరు అంటే లారీలు. మెయిన్ రోడ్డు దిగి ఏ సందులోకి వెళ్లినా ఒక కేబిన్‌కి రంగు వేస్తుంటారు, ఒక కమాన్ (స్ప్రింగు పట్టీల) కట్ట విప్పి ఉంటుంది, ఎవడో ఎవణ్నో స్పేనర్ కోసం తిడుతుంటాడు. మేస్త్రి నాన్నకి పాత స్నేహితుడు, నాకు బాబాయ్. "ఏరా నాయినా, సంచి నిండా ఏటి తెచ్చావు, అల్లమా?" అన్నాడు. క్లచ్ ప్లేటు తీసి చూపిస్తే నవ్వు ఆపి కళ్లజోడు పెట్టుకున్నాడు. ఆయనకి నచ్చిన పని చేశానన్నమాట.

అట్ట అచ్చుని అక్కడే ఉంచిన నా ఇంజిన్ వెనక మొహానికి పెట్టి చూశాం. బోల్టులు కలవలేదు, కలవవని తెలిసే వెళ్లాను. రెండు దారులు. ఒకటి, మందపాటి ఇనప ప్లేటు కోయించి మధ్యలో పెట్టడం. రెండోది, ఈ ఇంజిన్‌కీ మా గేర్‌బాక్స్‌కీ కుదిరే బెల్ హౌసింగ్, అంటే రెంటినీ కలిపే గంట ఆకారపు డబ్బా, వెతకడం. ప్లేటు చౌక అనిపిస్తుంది. కానీ ప్లేటు మందం ఎంతైతే అంత గేర్‌బాక్స్ వెనక్కి జరుగుతుంది, దాని ముందు షాఫ్ట్ ముక్కు ఇంజిన్‌లో తిరిగే ఇరుసు, క్రాంక్‌లోకి అందదు, జాయింట్ షాఫ్ట్ కోయాలి, గేరు రాడ్ జరపాలి. పైగా కన్నాల సెంటరు కాస్త తప్పినా క్రాంకూ గేర్‌బాక్సూ ఒక గీత మీద ఉండవు. మొదట బాగానే ఉంటుంది. కొన్నాళ్లకి క్లచ్ ప్లేటు మధ్యలో స్ప్రింగులు విరుగుతాయి, గేరు దానంతట అదే జారిపోతుంది, తప్పు ఎక్కడుందో తెలియక ఒక్కో సామానూ మార్చుకుంటూ పోతాం. ఘాట్‌లో గేరు జారడం ఎలా ఉంటుందో ఊహించుకోవడం కూడా నాకు ఇష్టం లేదు.

బాబాయ్ వెనక గుట్టలోంచి ఒక బెల్ హౌసింగ్ తీయించాడు. బూడిద, గ్రీజు, ఒక సాలెగూడు. కడిగి పెడితే రెండు వైపులా కూర్చుంది. 3,500 చెప్పాడు, 3,200కి ఒప్పుకున్నాడు. బిగించాక డయల్ గేజ్ (కొలిచే ముల్లు గడియారం) క్రాంక్ చివరి బరువు చక్రం ఫ్లయ్‌వీల్‌కి తగిలించి చుట్టూ తిప్పి సెంటరు చూస్తానని మాట ఇచ్చాడు. ఆ మాట కోసమే నేను ఎక్కువ బేరం ఆడలేదు.

క్లచ్ దగ్గర పొదుపు వద్దనుకున్నాను. ప్లేటు సైజు ఫ్లయ్‌వీల్‌ని బట్టి, మధ్యలో పళ్లు గేర్‌బాక్స్ షాఫ్ట్‌ని బట్టి. ఈ రెండూ ఒకే ప్లేటులో కలవాలి, అదీ చిక్కు. పాత ప్లేటు పది పళ్లని, కొత్త ఇంజిన్‌కి పట్టే ప్లేటుని పక్కపక్కన పెట్టి, పాత షాఫ్ట్ ముక్క ఒకటి దూర్చి చూశాం. తేలిగ్గా జారింది, ఊగలేదు. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, మూడూ కొత్తవి, 4,800. ఫ్లయ్‌వీల్ మొహం మీద నీలం మచ్చలున్నాయి, లేత్ మీద పలచగా ఒక కోత పెట్టిస్తానన్నాడు.

ఇక అసలు గొడవ. బాబాయ్ ఒక పూర్తి వెనక హౌసింగ్ చూపించాడు. కొత్త తరం బండిది, డ్రమ్ములు పెద్దవి, చూడ్డానికి ముచ్చటగా ఉంది. మూత విప్పి పళ్లు లెక్కపెట్టాం. క్రౌన్‌కి 41, పినియన్‌కి 11. అంటే 3.73. "ఇది ఎయ్యి. ఇంజిన్ మెల్లగా తిరుగుద్ది, మైలేజీ వస్తాది, రోడ్డు మీద కారులా పోద్ది" అన్నాడు. షెడ్‌లో ఉన్న ముగ్గురూ తలలూపారు. వాళ్లందరూ మైదానం వాళ్లు.

టీ తాగుతూ లెక్క వేశాను. మా టైరు ఒక చుట్టు తిరిగితే నేల మీద 2.25 మీటర్లు. ఈ ఇంజిన్‌ని 2400 దగ్గర హాయిగా తిప్పితే, టాప్ గేరులో, పాత 5.38తో గంటకి 60 కిలోమీటర్లు. క్రౌన్‌కి 39, పినియన్‌కి 8 పళ్లుండే 4.88తో 66. 3.73తో 87. పాతదే ఉంచేస్తే 3200కి ఇంజిన్ గొంతు చించుకున్నా 80 దాటదు. ప్యూజోకి అది సరిపోయింది, అది పరుగెత్తేది కాబట్టి. దీనికి కుదరదు. అంతవరకూ బాబాయ్ చెప్పింది నిజం. కానీ 87 నాకెందుకు? సెమిలిగుడ నుంచి సాలూరు దాకా నేను 87లో పోయే ముక్క ఎక్కడుంది?

అక్కడ నాన్న మాట మళ్లీ వచ్చింది, ఈసారి చిరాకు లేకుండా. ఘాట్ రోడ్డు అనగానే అందరూ ఎక్కడం గురించే మాట్లాడతారు. మా అల్లం, మా కూరగాయలు పైన పండి కిందికి పోతాయి. నిండు లోడుతో దిగుతాం, ఖాళీగా ఎక్కుతాం. ఉత్త బండిని ఈ ఇంజిన్ 3.73తో కూడా ఎక్కిస్తుంది, సందేహం లేదు. దించేటప్పుడు పట్టుకునేది ఏది? పెట్రోల్ ఇంజిన్‌లోలాగా గాలిని మూసే తలుపు డీజిల్‌లో సాధారణంగా ఉండదు. కాలు తీయగానే పెట్రోల్ బండి పట్టేసినట్టు ఇది పట్టదు. ఎగ్జాస్ట్ బ్రేకు లారీలకి ఉంటుంది, నాకు లేదు. నాకున్నది గేరు, దాని వెనక క్రౌన్ పినియన్. అదే వేగం, అదే గేరు అయితే 3.73 హౌసింగ్‌తో ఇంజిన్ 100 చుట్లు తిరిగే చోట 4.88తో 131 తిరుగుతుంది. ఇంజిన్ పట్టే ఆ కాస్త పట్టు కూడా చక్రానికి అంతే హెచ్చుగా చేరుతుంది. సుంకిలో పొగలొచ్చిన ఆ బండి ఏ రేషియోనో నాకు తెలియదు. కానీ ఆ వాసన ఇంకా ముక్కులోనే ఉంది.

"నలభై ఒకటి వద్దు బాబాయ్. ముప్పై తొమ్మిదికి ఎనిమిది ఉందా?" అన్నాను. ఆయన నా వైపు చూసి, "మీ నాన్న చెప్పాడా?" అన్నాడు. నేను టీ గ్లాసు వైపు చూశాను.

ఉంది. క్రౌన్ పినియన్ జత, పళ్ల మీద గుంటలు లేవు, రెండూ ఒకే బండిలో అరిగిన జత. 6,500. జత విడిపోయినవి ఊరికే ఇచ్చినా తీసుకోకూడదు, ఏడుస్తూనే తిరుగుతాయి. మా పాత హౌసింగ్‌లోనే కూర్చుంటుంది కాబట్టి కమాన్ కట్టల సీట్లు వెల్డింగ్ చేయనక్కర్లేదు, చక్రాల బోల్టులు మార్చనక్కర్లేదు. షిమ్ములు (పలచటి రేకులు) పెట్టి పళ్ల మధ్య ఆట 6 నుంచి 10 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) లోపు కుదర్చాలి. ఆ పని ఆయనే పైకి వచ్చి చేస్తానన్నాడు, చలికాలం అయిపోయాక అని ఒక మెలిక పెట్టాడు. నా బండి టూ వీల్ డ్రైవ్ కావడం ఒక అదృష్టం. ఫోర్ వీల్ అయితే ముందు హౌసింగ్‌కీ ఇదే రేషియో కొనాల్సి వచ్చేది.

ఇంజిన్ కింద పెట్టే ఫౌండేషన్ రబ్బర్లు, షాఫ్ట్ చివరల జాయింట్ క్రాసులు రెండు, ఇవి ఎప్పుడూ కొత్తవే. షాఫ్ట్ పొడవు మాత్రం ఇంజిన్ కూర్చున్నాకే కొలవాలి. ముందే కోయించినవాడు రెండుసార్లు కోయిస్తాడు. రెండు చివరల చెవులూ ఒకే వరసలో ఉండేలా వెల్డింగ్ పెట్టమని ఇప్పుడే చెప్పి ఉంచాను, లేకపోతే 40 దాటగానే నేల వణుకుతుంది.

ఆర్‌సీ సంగతి కూడా అడిగాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇంజిన్ నంబరు మారితే కొరాపుట్‌లో రాయించాలి. ఇంజిన్ అమ్మిన బిల్లు, పాత బండి కాగితాల నకలు బాబాయ్ కవర్‌లో పెట్టి ఇచ్చాడు. కాగితం లేని ఇంజిన్ 30,000కే వస్తుందని ఒకాయన చెవిలో చెప్పాడు. వస్తుంది, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) తనిఖీ రోజు దాకా.

ఇంటికి చేరేసరికి ఏడున్నర. పాప అన్నం ముందు కూర్చుని "నాన్నా, కొత్తది ఎన్ని?" అంది. చెప్పాను. వేళ్లు మడిచి చూసుకుంది. నాన్న ఏమీ అడగలేదు. బిల్లు కాగితాలు తీసుకుని కళ్లకి దగ్గరగా పెట్టుకుని, 6,500 దగ్గర వేలు ఆపి, మడిచి ఇచ్చేశాడు.

ఖర్చు మొత్తం కూడి పడుకుందామని పుస్తకం తీస్తే అప్పుడు తట్టింది. పైలట్ బేరింగ్! గేర్‌బాక్స్ షాఫ్ట్ ముక్కు వెళ్లి క్రాంక్ చివర కూర్చునే చోటు. క్రాంక్ కన్నం కొలత బాబాయ్ దగ్గర ఉంది. ముక్కు కొలత నేను తీసుకెళ్లలేదు. ప్లేటు పళ్లు చూసుకునే గొడవలో అదొక్కటీ మరిచిపోయాను. బయటి కొలత ఒకటి, లోపలి కొలత ఒకటి, రెండూ తెలిస్తేనే టర్నర్ గన్‌మెటల్ బుష్ తీయగలడు.

పక్కింటి ఐటీఐ కుర్రాణ్ని లేపి వెర్నియర్ (కొలత పరికరం) అడిగి తెచ్చాను. చలికి వేళ్లు పట్టు తప్పుతున్నాయి. షెడ్‌లో గోనె పరిచి కూర్చుని, ముక్కు మీద గ్రీజు తుడిచి, ఫోన్ లైటు నోట్లో కరుచుకుని మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ ఒకటే వచ్చింది. ఫొటో తీసి బాబాయ్‌కి పంపాను.

పది నిమిషాలకి జవాబు వచ్చింది. "సరే. రేపు కరెంటు ఉండదు, లేత్ ఎల్లుండి."

రేపటి కిరాయి బండివాడికి ఫోన్ చేశాను. నాలుగింటికి వస్తానన్నాడు.