పారా టైరోసిన్ కొట్టిన దెబ్బ: నా నెట్ లైఫ్ సైన్సెస్ ప్రిపరేషన్

నిన్న సీఎస్‌ఐఆర్ నెట్ రిజల్ట్ వచ్చింది, జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) కొట్టాను. రాత్రి నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. అందరూ అడిగేది ఒకటే: ఏ పుస్తకాలు చదివావు? మీ దగ్గర ఉన్నవే నా దగ్గరా ఉన్నాయి. ఆ లిస్టు వదిలేసి, మొదటి అటెంప్ట్ ఎలా పోయిందో చెప్తాను.

పేపర్‌లో పార్ట్ సీ అనే భాగంలో ఒక ప్రశ్న. ప్రొటీన్ మీద హైడ్రాక్సిల్ రాడికల్ (జతలేని ఎలక్ట్రాన్ ఉన్న ఓహెచ్) పని చేసిందని తెలియాలంటే ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం నుంచి వచ్చే దేన్ని కొలవాలి? ఆప్షన్లలో పారా టైరోసిన్ కనిపించగానే ఇంకేమీ చూడకుండా పెట్టేశాను. ఇంత ఈజీ ప్రశ్న ఇచ్చారేంటి అని సంబరం కూడా. పరీక్ష రాసి హైదరాబాద్ నుంచి నల్గొండ వస్తుంటే, బస్సు నార్కట్‌పల్లి దాటాక తట్టింది. మన ఒంట్లో ఎంజైమ్ చేసే టైరోసిన్ కూడా పారానే కదా! దాన్ని కొలిస్తే ఎంజైమ్ చేసిందేదో, రాడికల్ చేసిందేదో ఎట్లా తెలుస్తుంది? ఫినైల్ అలనిన్‌లోని బెంజీన్ రింగ్ మీద ఓహెచ్ కూర్చునే చోట్లు మూడు రకాలు: ఆర్థో, మెటా, పారా. ఎంజైమ్ ఓహెచ్‌ను పారా చోటే పెడుతుంది. రాడికల్‌కు ఆ పట్టింపు లేదు. ఆర్థో, మెటా, పారా మూడూ వస్తాయి. కొలవాల్సింది ఆర్థో, మెటా. 4 రావాల్సిన చోట మైనస్ 1. ఆసారి కొద్దిలో పోయింది. ఇంట్లో చెప్తే మా నాయిన, "గదేం పరీక్ష, తప్పు రాస్తే ఉన్నయి గూడ గుంజుకుంటరా?" అన్నాడు.

తర్వాత ఆ టాపిక్‌ను పగబట్టి చదివాను. రాడికల్ అంటే హైడ్రోజన్‌ను లాక్కునేది అని ఒకటే బొమ్మ నా తలలో ఉండేది. లూసిన్ లాంటి రింగ్ లేని అమైనో ఆమ్లం దగ్గర అది సరే. బెంజీన్ రింగ్ దగ్గర హైడ్రాక్సిల్ రాడికల్ ఎక్కువగా వచ్చి అతుక్కుంటుంది, రింగే రాడికల్ అవుతుంది. ఆ తర్వాత ఆక్సిజన్ ఒక హైడ్రోజన్‌ను పట్టుకుపోతే ఫినాల్ మిగులుతుంది. టైరోసిన్ కథ వేరు. దాని ఓహెచ్ నుంచి హైడ్రోజన్ పోతే వచ్చే ఫినాక్సిల్ రాడికల్ (దీన్నే టైరోసిల్ అంటారు) ఆక్సిజన్‌తో అంత తొందరగా కలవదు. ఇంకో టైరోసిల్ దొరికితే డైటైరోసిన్, నైట్రోజన్ డయాక్సైడ్ దొరికితే 3-నైట్రోటైరోసిన్. ట్రిప్టోఫాన్ అనే ఇంకో అమైనో ఆమ్లంలో దాని ఇండోల్ రింగే తెగి ఎన్-ఫార్మైల్ కైన్యురెనిన్ వస్తుంది. ఇంకో మెలిక: టైరోసిల్ రాడికల్ కనబడగానే డ్యామేజ్ అని టిక్ పెట్టకండి. ఈ.కోలై బ్యాక్టీరియాలోని రైబోన్యూక్లియోటైడ్ రిడక్టేస్ అనే ఎంజైమ్‌లో 122వ టైరోసిన్ రాడికల్‌గా ఉంటేనే డీఎన్‌ఏకు కావలసిన ముడిసరుకు తయారవుతుంది.

మిగతా సిలబస్ మీకు తెలిసిందే. ఎకాలజీ పైపైన చూశాను, ప్లాంట్ ఫిజియాలజీ సగం వదిలేశాను. పార్ట్ సీలో 75లో 25 చేస్తే చాలు కాబట్టి వదలడం తప్పు కాదు. కోచింగ్ మధ్యలో మానేస్తే బద్ధకం అన్నారు కొందరు. బద్ధకమైతే పొద్దున ఐదింటికి లేచి పానగల్ చెరువు కట్ట మీద నోట్సు పట్టుకుని ఎందుకు తిరుగుతాను? అక్కడ తిరిగింది నేను, వాళ్లు కాదు. రోజూ కూర్చోవాలి, అంతే. బతుకమ్మకు ఊరికి పోలేదు, చెల్లె పెళ్లిచూపులకూ పోలేదు. దాని కోపం ఇంకా తగ్గలేదు. అది నేను చేసింది తప్పేనేమో.

నాయినకు జేఆర్‌ఎఫ్ అంటే ఏందో ఇప్పటికీ అర్థం కాలేదు. నెలకు 37,000 ఇస్తారని చెప్తే మాత్రం బత్తాయి తోటలో పనాపి, "తప్పు రాస్తే అండ్ల గూడ కోస్తరా?" అని అడిగాడు.