సోడియం దీపం పచ్చబడేదాకా

ఇంటర్ ఎంపీసీ పాసైన మా అక్క కొడుకు, ఇంజినీరింగ్ వద్దు, డిగ్రీలో ఫిజిక్స్ చదువుతానన్నాడు. వారం రోజులు ఇంట్లో ఒకటే రభస. చివరికి అక్క నాకు ఫోన్ చేసి, "వాడి మాట వాడిదే. నువ్వన్నా తోడు పోయి ఆ కాలేజీలేవో చూసి రా" అంది. అట్లా 2024 జులైలో ఒక పొద్దున మామా అల్లుళ్లం ఉరవకొండలో అనంతపురం బస్సెక్కాం.

దారి పొడుగునా శనక్కాయ విత్తనానికి దున్ని పెట్టిన ఎర్రనేలలు, వాటి మీద తిరిగే గాలిమరలు. వాడు కిటికీ వదలలేదు, నేను కూడేరు దాకా నిద్రపోయాను.

ఊళ్లో దిగి ఉగ్గాని, బజ్జీ తిని ముందు ఆర్ట్స్ కాలేజీకి పోయాం. నా మనసంతా దాని మీదే. ఆ ఆవరణలో నిలబడితే నాకు నోరాగదు. 1800లో నిజాం ఈ జిల్లాలను ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేశాడు కాబట్టి దత్తమండలాలన్నారనీ, 1916లో పెట్టిన ఈ కాలేజీకీ మొదట అదే పేరనీ మొదలుపెట్టాను. ఇక్కడ తెలుగు చెప్పిన చిలుకూరి నారాయణరావుగారే 1928లో నంద్యాల సభలో ఆ దత్త పేరు తీసేసి 'రాయలసీమ' అందామన్నారని చెప్పాను. నీలం సంజీవరెడ్డి, దామోదరం సంజీవయ్య ఇక్కడ చదివినవాళ్లేనని కూడా చెప్పాను. వాడు అన్నీ బుద్ధిగా విని, "ఫిజిక్స్ ల్యాబు యాడుంది మామా?" అన్నాడు. టైం చూసుకుంటే రెండో కాలేజీలో లెక్చరర్ రమ్మన్న వేళ దాటిపోతోంది. నా ఉపన్యాసం పుణ్యమా అని ల్యాబు చూడకుండానే ఆటో ఎక్కాల్సి వచ్చింది.

ఆ రెండోది ఊరి అంచున ఉన్న చిన్న కాలేజీ. పేరు చెప్పను, ఎందుకో మీకే తెలుస్తుంది. రెండంతస్తుల భవనం, రెండు కానుగ చెట్లు, వాటి మధ్య వాలీబాల్ నెట్టు. అంతే. ఆఫీసులో క్లర్కు మేం కూర్చోకముందే "రీయింబర్స్‌మెంట్ వస్తుంది సార్, ఫీజు గురించి టెన్షనే లేదు" అన్నాడు. మేం అడగలేదు. లైబ్రరీ అంటే రెండు బీరువాలు. తాళంచెవి ఉన్న సారు పెళ్లికి పోయాడట. హాస్టల్లో కొళాయి తిప్పితే గాలి వచ్చింది. పక్కన బట్టలు ఉతుక్కుంటున్న కుర్రాడు, "ట్యాంకర్ రోజు మార్చి రోజొస్తాది సార్, ఆ పొద్దు అందరం స్నానాలు చేస్తాం" అని నవ్వాడు. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే జిల్లాలో నీళ్ల సంగతి ముందడగాలి. నేను మనసులో ఆ కాలేజీని అక్కడే కొట్టేశాను.

ల్యాబు తాళం మాత్రం లెక్చరరే తీశారు. యాభై ఏళ్ల మనిషి, చొక్కా జేబుకు ఇంకు మరక. మార్కులెన్నని అడగలేదు. బల్ల మీద పాత దుప్పటి తీస్తే కింద స్పెక్ట్రోమీటరు, వెలుగును రంగు గీతలుగా విడదీసి చూసే పరికరం. పక్కనున్న సోడియం దీపం వేశారు. అది ఎర్రెర్రగా వెలిగింది.

"సోడియం పసుపుపచ్చగా కదా ఉండాలి, ఎరుపెందుకొచ్చింది?" అన్నారు మావాడితో.

వాడు తడుముకున్నాడు. ఆయన చెప్పలేదు. నాకు ఇబ్బందనిపించి ఏదో మాట కలపబోతే చేత్తో ఆగమన్నారు. దీపం మెల్లగా పచ్చబడుతుంటే వాడే, "లోపల ఇంకేదో గ్యాసుంది సార్, సోడియం వేడెక్కి ఆవిరయ్యేదాకా అది వెలుగుతోంది" అన్నాడు. "నియాన్" అన్నారాయన, అంతే.

తర్వాత గ్రేటింగ్, అంటే వెలుగును విడదీసే సన్నటి గీతల పలక పెట్టి, టెలిస్కోపు పక్కకు తిప్పి వాణ్ణి చూడమన్నారు. "ఒక గీత" అన్నాడు వాడు. వెలుగు లోపలికొచ్చే చీలిక, స్లిట్, దాని మర వాడి చేతికే ఇచ్చి సన్నం చేయమన్నారు. కాసేపటికి మావాడు అరిచినంత పని చేశాడు: "రెండున్నాయి సార్!" ఆ రెండు గీతల తరంగదైర్ఘ్యాలు 5890, 5896. మధ్య తేడా ఆరు ఆంగ్‌స్ట్రాములు. ఆంగ్‌స్ట్రామంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు. పుస్తకంలో వాడికి ఈ అంకెలు బట్టీనే. నన్నూ చూడమన్నారు. కళ్లద్దాలు తీసి, పెట్టి, మళ్లీ తీసి చూశాను. నాకు ఒకటే కనబడింది, రెండని చెప్పాను.

2023 నుంచి డిగ్రీలో చేరేటప్పుడే ఒక మేజర్, అంటే ముఖ్యమైన సబ్జెక్టు ఎంచుకోవాలని, మా కాలంలోలాగా మూడేళ్లూ మూడు సబ్జెక్టులు సమానంగా నడవవని ఆయనే విడమరిచి చెప్పారు. ఫిజిక్స్ మేజర్‌లో ఎంతమంది అని అడిగాను. "పోయినేడు ఏడుగురు. ఇంకా తగ్గితే కోర్సు నడపలేమంటారు. మీకు దాచడమెందుకు?" అన్నారు. ఆ మాటకు ఆయన మీద గౌరవం పెరిగింది, కాలేజీ మీద భయమూ పెరిగింది.

తిరుగు బస్సులో వాడు ఫోన్‌లో వెబ్ ఆప్షన్ల వరస రాసుకుంటున్నాడు. పైన చిన్న కాలేజీ, కింద ఆర్ట్స్ కాలేజీ. నీళ్లు లేవు, లైబ్రరీకి తాళం, ఏడుగురు పిల్లలు అని వేళ్లు ముడిచి లెక్కపెట్టాను. వాడు తలెత్తకుండా అన్నీ విన్నాడు.

కూడేరు దగ్గర చినుకులు మొదలయ్యాయి. కిటికీ దించుతూ, "ఆ ట్యాంకర్ సంగతి మాత్రం అమ్మకు చెప్పొద్దు మామా" అన్నాడు.