రాత్రి ఏడింటికి మీటింగ్ పెట్టాక

మా చిన్నోడు ఒకటో తరగతిలో ఉన్నప్పుడు అప్పుడప్పుడూ ఒక పుస్తకం పట్టుకొచ్చేవాడు, అమ్మా ఇక్కడ సంతకం పెట్టాలంట అని, నేను పొయ్యి దగ్గర ఉంటే చెయ్యి తుడుచుకుని పెట్టేసేదాన్ని. అది బడి కమిటీ మీటింగుకి నేను వచ్చినట్టు సంతకం అని చాలా రోజులకి మా తోడికోడలు చెప్తే తెలిసింది. మీటింగ్ జరిగింది లేదు, నేను పోయింది లేదు. అప్పుడు పడ్డ బాధ వల్లే 2024 ఆగస్టులో ఎస్ఎంసీ, అంటే ఆ బడి కమిటీకి ఎన్నికలు పెట్టినప్పుడు ఈసారి నేనుంటా అని చెయ్యెత్తాను.

మాది పల్నాడులో మిరప ఊరు. బడిలో ఒకటి నుంచి ఐదు వరకు 64 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. తరగతికి ముగ్గురు చొప్పున 15 మంది తల్లిదండ్రులం కమిటీలో ఉన్నాం. 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది, కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లుండాలి, బడికి ఏం కావాలో ప్లాన్ రాసేది కూడా ఆ కమిటీనే. ఇంత హక్కు చేతిలో పెట్టుకుని మేం ఇన్నేళ్లూ సంతకాలు పెట్టుకుంటా కూర్చున్నాం.

మొదటి మీటింగ్ పగలు 11 గంటలకి పెట్టారు, నలుగురం వచ్చాం. మిగతావాళ్లకి పిల్లల మీద ప్రేమ లేక కాదు, అవి మిరప నాట్లు జరిగే రోజులు, బడికొస్తే ఆ రోజు కూలి పోయినట్టే, కూలి పోతే ఆ ఇంట్లో పొయ్యి సంగతేంటి? పేరెంట్స్‌కి ఇంట్రెస్ట్ ఉండదండీ అని తేలిగ్గా అనేస్తారు గానీ వాళ్లని ఎన్ని గంటలకి రమ్మంటున్నామో ఎవరూ చూసుకోరు. హెడ్మాస్టరు గారిని అడిగాం, సార్ రాత్రి ఏడింటికి పెట్టండి, అందరూ పొలం నుంచి వచ్చి స్నానాలు చేసుకుని వస్తారు అని. ఆయన రోజూ టౌన్ నుంచి బండి మీద వచ్చిపోయే మనిషి, అయినా నెలకొక రోజు ఉంటానన్నారు, అది మాత్రం ఎప్పటికీ మర్చిపోను. ఆ రాత్రి 12 మంది వచ్చారు.

మగవాళ్లు కాంపౌండ్ వాల్ గురించీ రంగుల గురించీ చాలాసేపు మాట్లాడారు. చివర్లో వెనక కూర్చున్న ఒక అక్క, ఐదో తరగతి పిల్ల తల్లి, మెల్లగా అంది, మా పిల్ల బడిలో నీళ్లు తాగట్లేదు, బాత్రూం తలుపుకి గెడ లేదంట, పొద్దున పోయి సాయంత్రం ఇంటికొచ్చాకే పోయిద్ది అని. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలా. ఆ పక్కనే ఇంకో ఇద్దరు తల్లులు మా పిల్లలూ అంతే అన్నారు. కమిటీలో వడ్రంగి పని చేసే అన్న ఉన్నాడు, తెల్లారి పిల్లలు రాకముందే పోయి గెడ బిగించాడు. ఎన్నాళ్లనుంచో ఉన్న సమస్య, చెప్పుకోవాల్సిన తల్లి లోపలికి రాకపోతే ఎవరికి తెలుస్తది?

తర్వాత డబ్బుల లెక్క. 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద ఏడాదికి 25 వేలు, బడి ఖర్చులకిచ్చే కాంపోజిట్ గ్రాంట్ ఉంటది, అందులో పది శాతం శుభ్రతకే ఖర్చు పెట్టాలి. దాన్ని బోర్డు మీద రాయమని అడిగితే సార్ మొదట కొంచెం ఇబ్బంది పడ్డారు, రాశాక చూస్తే గ్రాంట్ లేటైనప్పుడు సుద్దముక్కలు, చీపుర్లు ఆయనే జేబులోంచి కొంటున్నారని తెలిసింది. మేం అనుమానంతో అడిగాం, ఆయన గురించి మంచి తెలిసింది. లెక్క బయటపెడితే టీచర్‌కి కూడా మేలే.

అసలు కష్టం జనవరి తర్వాత వచ్చిద్ది, కాయ కోతలు మొదలైతే. తెల్లారకముందే ఆటో వచ్చి ఆడవాళ్లని ఎక్కించుకుపోతది, చంటిపిల్ల ఉన్న ఇంట్లో పెద్దపిల్లని బడి మానిపిస్తారు, ఆ పిల్లకి తొమ్మిదేళ్లో పదేళ్లో ఉంటయి. ప్రతి ఏడాది ఫిబ్రవరిలో మా బడిలో వెనక బెంచీలు ఖాళీ, మళ్లీ వచ్చేసరికి ఎక్కాలు మర్చిపోయుంటారు. దీని మీద మూడు మీటింగులు కూర్చున్నాం. మూడేళ్లు నిండినవాళ్లని అంగన్‌వాడీలో దింపాలి, అంతకన్నా చిన్నోళ్లని కాలనీలో ఇద్దరు ముసలమ్మలు చూసుకుంటారు, తల్లులు రోజుకి తలా 20 రూపాయలు వాళ్లకివ్వాలి. ముఠా మేస్త్రిని కూడా పిలిపించాం, బడి పిల్లల్ని ఆటో ఎక్కించనని అందరి ముందు ఒప్పుకున్నాడు. పూర్తిగా ఆగలేదు, ఇంకా కొందరు మానేస్తున్నారు, కానీ నాలుగు, ఐదు తరగతుల ఆడపిల్లలు కోతల్లో కూడా బడికి రావడం నేను మొదటిసారి చూశాను.

చదువు సంగతి వేరే చెప్పాలి. పల్లెల్లో పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ సర్వే 2024లో చేస్తే దేశం మొత్తం మీద పల్లెల్లోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది 23.4 శాతమే. మేం పెట్టుకున్న పద్ధతి ఒకటే, రోజూ రాత్రి పిల్లలు ఒక పేజీ గట్టిగా చదవాలి, తల్లి వినాలి. మాకు అక్షరాలు రావు కదమ్మా అన్నారు కొందరు. మా వీధిలో ఒకామె చిక్కుడుకాయలు ఒలుచుకుంటానే వింటది, వాడు ఎక్కడ తడుముకుంటే అక్కడ చెయ్యి ఆపి, అది మళ్లీ చదువు నాయనా అంటది. చదువు రాకపోయినా తడబాటు తెలిసిపోద్ది.

2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు, ముగ్గులు, ఆటలు, పిల్లలతో కలిసి భోజనం, మా ఊళ్లో కూడా బాగా జరిగింది, మొదటిసారి బడిలో కాలు పెట్టిన తండ్రులున్నారు. అలాంటి రోజు ఉండాలి, కానీ గెడ సంగతి బయటికొచ్చింది మాత్రం రాత్రి ఏడింటి మీటింగులోనే.

కమిటీ ఎంత పనిచేసినా టీచర్లని పుట్టించలేదు. ఐదు తరగతులకి ఇద్దరు, ఒకరు సెలవు పెడితే మిగిలిన ఒక్కరే అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టాలి. కాస్త గట్టిగా అడగగలిగిన ఇళ్లవాళ్లు ఎప్పుడో పిల్లల్ని ప్రైవేటు బస్సెక్కించేశారు, ఇక్కడ మిగిలింది అడగడం అలవాటు లేనివాళ్లు. అందుకే మూడో టీచర్ కోసం తీర్మానం రాసుకుని వచ్చే సోమవారం మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసుకి పోతున్నాం, 15 మందిమీ. ఆ రోజు కూలి పోతదని తెలిసే అందరూ సరే అన్నారు, మేస్త్రి అయితే ఆ రోజు మా ముఠాకి పని పెట్టుకోనని, ఆటో కూడా తనే పంపిస్తానన్నాడు.