గీత మీద పడితే ఎవరిది?

జూన్‌లో బడి తెరిచాక మొదటి వారం నాకు ఆటలుండవు, ముగ్గే ఉంటుంది. పురికొస ఉండ ఒకటి, నాలుగు ఇనుప మేకులు, 30 మీటర్ల టేపు, అర బస్తా సున్నప్పొడి. ఎండ ఎక్కకముందే గ్రౌండులో వంగి గీతలు పోస్తుంటే తొమ్మిదో తరగతి మగపిల్లలు పక్కన చేరి, "గొబ్బెమ్మలు కూడా పెట్టాల్నా మేడం?" అంటారు. పెట్టండిరా, పేడ మాత్రం మీరే తేవాలి అంటాను. ఒక్కడూ కదలడు.

పంతొమ్మిదేళ్ళుగా పీఈటీని, అంటే ఆటలు నేర్పే టీచర్ని. ఇప్పుడున్నది చంద్రగిరి వైపు ఒక హైస్కూల్లో. గ్రౌండు చివర నిలబడితే కోట కొండ కనిపిస్తుంది. ఇల్లు తిరుపతిలో, బైరాగిపట్టెడలో. మొన్న కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒకమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, ఆరో తరగతి వాళ్ళకి ముందు ఏం నేర్పాలి? సర్వీసా, పాసింగా, రన్నింగ్ స్టార్టా?" అని అడిగింది. గీతలు నేర్పమ్మా అన్నాను. ఎగతాళి చేస్తున్నాననుకుంది పాపం. ఫోన్లో సరిగా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆరో తరగతికి వచ్చే పిల్లలకు తెలిసిన గీత ఒక్కటే, క్రికెట్ క్రీజు. రనౌట్ దగ్గర బ్యాటు గీత మీదే ఆగిపోతే ఔట్, దాటి లోపలికి రావాలి. వీధిలో దానికోసం చొక్కాలు చింపుకుని ఉంటారు కాబట్టి ఆ లెక్క బాగా ఒంటబట్టి ఉంటుంది. దాన్నే షటిల్ కోర్టుకీ మోసుకొస్తారు. షటిల్ గీత మీద పడిందో లేదో "ఔట్, ఔట్!" అని కేకలు. కాదు నాయనా, షటిల్‌లో గీత కోర్టుదే, మీద పడితే ఇన్. వాలీబాల్‌లోనూ అంతే, బంతి గీత అంచును రాసుకున్నా లోపల పడ్డట్టే. బాస్కెట్‌బాల్‌కి వస్తే గీత బయటి ప్రపంచానిది, బంతి పట్టుకుని దాని మీద కాలు పెడితే బంతి అవతలి జట్టుకి వెళ్ళిపోతుంది. ఫుట్‌బాల్‌లో బంతి మొత్తం గీత దాటిపోతే తప్ప ఆట ఆగదు. ఇవన్నీ ఒకే గ్రౌండులో, ఒకే సున్నంతో పోసిన గీతలు. పిల్లలకు తలతిరగక ఏమవుతుంది?

అసలు గీత పోసేటప్పుడే జవాబు తెలిసిపోతుంది. వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. ఆ కొలత గీత బయటి అంచుకి. అందుకని పురికొసకు లోపలివైపు 5 సెంటీమీటర్ల పట్టీగా సున్నం పొయ్యాలి. షాట్‌పుట్ సెక్టారు, అంటే గుండు పడాల్సిన మేర, దాని గీతలకేమో కొలత లోపలి అంచుకి. అక్కడ కొసకు బయటివైపు పోస్తాం, గుండు ఆ గీతను తాకినా త్రో చెల్లదు కాబట్టి. రెండు గీతలూ ఒక పిల్లాడి చేత పోయిస్తే చాలు, ఏది ఇన్నో ఏది ఔటో వాడికి మళ్ళీ చెప్పక్కర్లేదు. బోర్డు మీద బొమ్మ గీసి చెబితే పదిరోజుల్లో మర్చిపోతారు.

మూల సరిగ్గా రావడానికి 3, 4, 5 మీటర్ల లెక్క. మేకు దగ్గర్నుంచి ఒకవైపు 3, ఇంకోవైపు 4 కొలిచి గుర్తులు పెట్టి, వాటి మధ్య 5 వచ్చేదాకా కొసను జరుపుతాం. వాలీబాల్ కోర్టు మూల నుంచి ఎదురు మూలకు 20 మీటర్ల 12 సెంటీమీటర్లు రావాలి. షాట్‌పుట్ సెక్టారు కోణం 34.92 డిగ్రీలు. పిల్లలు ఆ అంకె విని బెదిరిపోతారు గానీ కోణమానినితో పనే లేదు. గుండు తోసే వృత్తం మధ్య నుంచి రెండు గీతల మీదా 10 మీటర్లు కొలిచి, ఆ రెండు గుర్తుల మధ్య 6 మీటర్లు ఉంటే అదే కోణం. మా లెక్కల సారు పైథాగరస్‌ను అర్థం చేయించడానికి పిల్లల్ని నా దగ్గరికి పంపిస్తాడని స్టాఫ్‌రూమ్‌లో చెప్పుకుంటుంటాను. ఆయన ఇంతవరకూ ఒప్పుకోలేదు.

షాట్‌పుట్ గురించి ఒక్కమాట. మా వైపు పిల్లలకు రాయి విసరడం మామిడితోటలో కాపలా లేనప్పుడు అబ్బిన విద్య. గుండు చేతికిస్తే దాన్నీ తోతాపురి కాయకు గురిపెట్టినట్టు భుజం వెనక్కి తీసుకెళ్ళి విసురుతారు. ఫౌలూ అవుతుంది, మోచెయ్యీ పోతుంది. గుండును మెడకు, దవడకు ఆనించి పెట్టుకుని ఒంటి చేత్తో తొయ్యాలి, విసరకూడదు. ఆ ఊపు కాళ్ళలోంచి, నడుములోంచి రావాలి. తోశాక వృత్తం వెనక సగంలోంచే బయటికి నడవాలి. ఆనందంతో ముందుకు దూకేశాడా, ఎంత దూరం పడినా సున్నా.

పరుగు పందెంలో గీతది ఇంకో కథ. ట్రాక్ మీద ఒక్కో లేన్ 1.22 మీటర్లు. ఆ కొలతలో కుడివైపు గీత కలిసి ఉంటుంది, ఎడమవైపుది ఉండదు. అంటే కుడి గీత నీది, ఎడమ గీత పక్కవాడిది. ఇది చెప్పిన రోజు ఒక పిల్ల, "అట్లయితే ఫస్ట్ లేన్ వాళ్ళకి ఎడమపక్క గీత ఎవరిది మేడం?" అని అడిగింది. ఆ పిల్లకు ఇంటి స్థలం గొడవల్లో మంచి భవిష్యత్తు ఉంది.

లాంగ్‌జంప్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇక్కడే పిల్లలు ఎక్కువ నష్టపోతారు. కాలు పెట్టి ఎగిరే తెల్ల బోర్డు 20 సెంటీమీటర్ల వెడల్పు. బోర్డంతా మనదే, ఎక్కడైనా తొక్కొచ్చు. ఇసుక వైపున్న దాని అంచే గీత. ఒకప్పుడు ఆ అంచు అవతలి మైనపు పట్టీ మీద గుర్తు పడితే ఫౌల్ ఇచ్చేవాళ్ళు. 2021 నుంచి రూలు మారింది, ఎగిరే క్షణంలో కాలి కొన అంచు మీదుగా ముందుకొచ్చినా ఫౌలే, నేలకు తగలాల్సిన పని లేదు. కొలత మాత్రం ఎప్పుడూ ఆ అంచు నుంచే, కాలు పడ్డచోటి నుంచి కాదు. ఫౌల్ భయంతో జానెడు వెనక నుంచి ఎగిరిన పిల్ల ఆ జానెడూ వదులుకున్నట్టే. ఇసుకలో పడ్డాక వెనక్కి చెయ్యి ఆన్చితే ఆ చెయ్యి దగ్గరికే కొలుస్తారు, ఇంకో జానెడు పాయె.

దీనికి నేను చేసేది ఒకటే. పిల్లను బోర్డు మీద నిలబెట్టి, వెనక్కి తిరిగి, రన్‌వే మీద పూర్తి వేగంతో ఉరకమంటాను. పన్నెండో అడుగు ఎక్కడ పడిందో నేను చెప్పుతో గీత గీస్తాను. అయిదారుసార్లు ఉరికితే గుర్తులన్నీ ఒకచోటికి చేరతాయి. ఆ పిల్ల పరుగు మొదలుపెట్టాల్సింది అక్కణ్ణుంచే. పోటీరోజు ఎదురుగాలి ఉంటే అరడుగు ముందుకి జరగాలి. బోర్డు వంక చూడనే కూడదు. చూసిందంటే చివరి రెండు అడుగులూ చిన్నవైపోతాయి. ఇది నేర్చుకోవడానికి నెల పడుతుంది. దూకడం నేర్పడానికి వారం చాలు.

షటిల్ డబుల్స్ గురించి చెప్పాలంటే ముందు మా ఆయన గురించి చెప్పాలి. ఆదివారం పొద్దున మా కాలనీ కోర్టులో మేమిద్దరం ఒక జట్టు. ఆయన బ్యాంకులో పనిచేస్తారు, అంకెలంటే ప్రాణం. అయినా డబుల్స్ సర్వీసు గీత ఆయనకు ఇప్పటికీ ఎక్కలేదు. కోర్టు వెనక చివర్న 76 సెంటీమీటర్ల పట్టీ ఉంటుంది. సర్వీసు అందులో పడితే ఔట్. సర్వీసును అవతలివాళ్ళు తిప్పికొట్టాక అదే పట్టీ ఇన్. సింగిల్స్‌లో సర్వీసుకు వెనకభాగమంతా ఇన్ గానీ పక్కన పట్టీలు ఔట్. ఈయన ర్యాలీ మధ్యలో "వదిలెయ్, వదిలెయ్!" అని అరుస్తారు, నేను మొగుడి మాట విని వదిలేస్తాను, షటిల్ నిక్షేపంగా పట్టీలో పడుతుంది. పదకొండేళ్ళ కాపురంలో ఇట్లా పోయిన పాయింట్లకు లెక్క లేదు.

డబుల్స్‌లో ఇంకో గీత ఉంది, దాన్ని ఎవరూ పొయ్యరు. ఇద్దరి మధ్యలో పడే షటిల్ ఎవరిది? మొదట్లో ఇద్దరం పోయేవాళ్ళం, లేకపోతే ఇద్దరం ఆగిపోయేవాళ్ళం. ఒకసారి ఆయన బ్యాటు నా కనుబొమ్మకు తగిలింది, రెండు కుట్లు. ఆ సాయంత్రం ఒప్పందం రాసుకున్నాం. మేం షటిల్ పైకెత్తితే పక్కపక్కన నిలబడాలి, అవతలివాళ్ళు ఎత్తితే ఒకరు ముందు, ఒకరు వెనక. పక్కపక్కన ఉన్నప్పుడు మధ్యలోది ఎవరి ఫోర్‌హ్యాండ్ వైపుంటే వాళ్ళది. పోయేవాళ్ళు "నాది" అని అరవాలి. అరవకుండా పోతే ఆ రోజు టిఫిన్ వాళ్ళే చెయ్యాలి. ఈ ఆఖరి షరతు రూలు పుస్తకంలో ఉండదు గానీ బాగా పనిచేస్తుంది.

మా ఆడపిల్లలు బాగా ఆడే టెన్నికాయిట్‌లోనూ ఇదే చిక్కు. రింగును ఒంటిచేత్తో పట్టుకుని ఆ చేత్తోనే వెంటనే వదలాలి, రెండో చెయ్యి పడితే పాయింటు పోయినట్టే. డబుల్స్‌లో ఇద్దరూ ఒకే రింగుకి చేతులు చాపి నిలబడిపోతారు.

జట్టు ఆటల్లో నాకు ఖోఖో అంటే ఇష్టం. రెండు స్తంభాలు, మధ్యలో 30 సెంటీమీటర్ల దారి, దాని మీద ఎనిమిదిమంది ఒకరు అటు, ఒకరు ఇటు చూస్తూ కూర్చుంటారు. తొమ్మిదో ఆమె తరుముతుంది. ఆ మధ్య దారి తరిమే ఆమెకు గోడ, దాటిందంటే ఫౌల్. తప్పించుకునేవాళ్ళకు అది ఉత్త మట్టి, ఎన్నిసార్లయినా ఇటునుంచి అటు దూరిపోవచ్చు. ఒక దిక్కు పట్టాక స్తంభం దాటేదాకా వెనక్కి తిరగకూడదు. అందుకే తరిమే పని అప్పగించడానికి, కూర్చున్నామె వీపు తట్టి "ఖో" అనాలి. తట్టకుండా అరిచినా, అరవకముందే కూర్చున్నామె లేచినా తప్పే. 2025 జనవరిలో ఢిల్లీలో మొదటి ఖోఖో ప్రపంచకప్ జరిగి మనవాళ్ళు మగా ఆడా రెండు కప్పులూ గెలిచినప్పుడు మా పిల్లలు ఫోన్లో చూసి, "వీళ్ళు మ్యాట్ మీద ఆడతా ఉండారు మేడం, మోకాళ్ళు చెక్కుకుపోవు" అన్నారు. వాళ్ళకు కప్పు కన్నా అదే గొప్పగా కనిపించింది.

ఇక కబడ్డీ. ఇందులో గీతలు కదులుతాయి. కోర్టుకు రెండువైపులా మీటరు వెడల్పు లాబీలుంటాయి. పెనుగులాట మొదలుకాకముందు లాబీలో కాలు పెడితే ఔట్, మొదలైతే లాబీ కూడా కోర్టే. కూతకు పోయినవాడు ఎవర్నీ తాకకుండా తిరిగొస్తే కనీసం ఎదుటి కోర్టులో అడ్డంగా ఉండే బాక్ లైను దాటి ఉండాలి. ఎదుటి కోర్టులో ఆరుగురో ఏడుగురో ఉంటేనే, దాని అవతల అదనపు పాయింటు ఇచ్చే బోనస్ గీత పనిచేస్తుంది, అయిదుగురైపోయారంటే అది ఉన్నా లేనట్టే. ఇదంతా 30 సెకండ్లలో, కూత ఆపకుండా.

పదేళ్ళ కిందట కనుమ రోజున పూతలపట్టు వైపు ఒక ఊళ్ళో టోర్నమెంటు. ఫైనల్‌కి నేను అంపైరు. ఆడమనిషికి విజిలేంటని వెనక ఒకాయన గొణగడం వినిపించింది, వినిపించనట్టు ఊరుకున్నాను. పొద్దున కోర్టు గీసింది కూడా నేనే. సున్నప్పొడి అయిపోతే ఎవరింట్లోంచో పండక్కి మిగిలిన ముగ్గుపిండి తెచ్చిచ్చారు, దాంతోనే సరిపెట్టాను. అది నా తప్పు. ముగ్గుపిండి తేలిక, మధ్యాహ్నం గాలికే సగం లేచిపోయింది.

స్కోరు సమం, ఆఖరి కూత. సన్నగా ఉండే ఒక కుర్రాడు ఒకణ్ణి తాకి వెనక్కి మళ్ళాడు. నలుగురు నడుం పట్టేశారు. వాడు బోర్లా పడి మధ్యగీత వైపు చెయ్యి చాపాడు. చెయ్యి పడ్డచోట గీత లేదు, చెరిగిపోయి ఉంది. నాకు అందినట్టు కనిపించలేదు. విజిల్ ఊది ఔట్ ఇచ్చాను. వాడు లేచి నా ముఖం ముందు చూపుడువేలు పెట్టాడు. వేలి కొనకు తెల్లగా పిండి. "సూడు మేడం, గీత అంటుకోనుండాది!"

జనం లేచారు. నాకూ గుండె జారింది, మాట మార్చేదాన్నే. అంతలో పట్టుకున్నవాళ్ళ కెప్టెన్, "ఏం మేడం, బాక్ లైను పోసింది కూడా ఆ పిండితోనే కదా? అక్కడ అంటుకోనుండదా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. చూడనిదాన్ని చూశానని చెప్పలేక ఔటే ఉంచేశాను. ఆ కుర్రాడి జట్టు ఓడిపోయింది. మర్నాటి నుంచి ఇప్పటిదాకా ఎక్కడ గీత పోసినా సంచిలో రెండు కిలోల సున్నం అదనంగా పెట్టుకుంటున్నాను.

ఆ కుర్రాడిప్పుడు పాకాలలో ఆటో నడుపుతున్నాడు, ఒళ్ళు చేశాడు. పోయిన నెల బస్టాండు దగ్గర నన్ను చూసి బండి స్లో చేసి, పలకరింపుగా నవ్వి, ఏమీ మాట్లాడకుండా చూపుడువేలు ఎత్తి చూపించి వెళ్ళిపోయాడు.